నదుల లెక్క తప్పుతున్న కాలం

నదిలో పారేది కురిసిన వానంతా కాదు, అందులో మిగిలిన భాగం మాత్రమే. పడిన నీటిలో ముందు నేల తన దాహం తీర్చుకుంటుంది. చెట్లు, పైర్లు తాగుతాయి. ఎండా గాలీ కొంత ఎగరేసుకుపోతాయి. ఈ వాటాలన్నీ పోగా మిగిలిందే వాగుల్లోకి, వాగుల నుంచి ఏటిలోకి చేరుతుంది. కృష్ణా పరీవాహక ప్రాంతంలో ఏటా కురిసే వానలో నదికి దక్కేది ఇంచుమించు మూడో వంతు. అందులోనూ ఎక్కువ భాగం పశ్చిమ కనుమల సన్నటి పట్టీలో పడే కుండపోత నుంచి వచ్చేదే. అనంతపురం, మహబూబ్‌నగర్ వంటి మెట్ట ప్రాంతాల్లో పడిన వాన చాలా వరకు పడినచోటే ఖర్చయిపోతుంది.

వాతావరణ మార్పు నదుల మీద ఎలా పనిచేస్తుందో అర్థం కావాలంటే ఈ 'మిగులు' సంగతి గుర్తుంచుకోవాలి. వాన పదో వంతు తగ్గితే ప్రవాహమూ పదో వంతే తగ్గుతుందనుకోవడం పొరపాటు. నేల, పైరు, ఎండ తమ వాటా తగ్గించుకోవు. తరుగంతా నది వాటా మీదే పడుతుంది. అందుకే పొడి ప్రాంతాల్లో వాన కాస్త తగ్గినా ప్రవాహం రెండింతలు, మూడింతలు ఎక్కువగా పడిపోతుంది. దీనికి ప్రపంచమంతా చెప్పుకునే ఉదాహరణ ఆస్ట్రేలియా నైరుతి మూలనున్న పెర్త్ నగరం. అక్కడ 1970ల నుంచి వానలు తగ్గింది ఐదారు వంతుల్లో ఒక వంతే. ఆ నగర జలాశయాలకు వచ్చే నీరు మాత్రం నాలుగింట మూడు వంతులకు పైగా తగ్గిపోయింది. 2006 నుంచి పెర్త్ సముద్రపు నీటిని మంచినీరుగా మార్చుకుని తాగుతోంది.

ఎండ ముదిరితే, వాన తగ్గకపోయినా నదికి నష్టమే. దేశంలో సగటు ఉష్ణోగ్రత 1901 నుంచి 2018 మధ్య సుమారు 0.7 డిగ్రీల సెల్సియస్ పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో వెలువరించిన నివేదిక తేల్చింది. ఈ పెరుగుదల చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ వేడెక్కిన గాలి నేల నుంచి, ఆకుల నుంచి, చెరువుల నుంచి అదనంగా నీరు లాగుతుంది. వరికి తడులు పెరుగుతాయి. తోటలకు నీరు పెట్టే రోజులు పెరుగుతాయి. నదికి వచ్చే నీరు తగ్గే వేళకే నది నుంచి తోడుకోవాల్సిన నీరు పెరుగుతుందన్నమాట.

మంచు లేని నదులు

నదులన్నీ ఈ మార్పును ఒకే రకంగా ఎదుర్కోవు. సింధు, గంగ, బ్రహ్మపుత్రలకు హిమాలయాల మంచు ఒక నిల్వ. చలికాలంలో పేరుకున్నది వేసవిలో కరిగి, వాన లేని నెలల్లో నదిని ఆదుకుంటుంది. ఇప్పుడు ఆ నిల్వ వేగంగా కరుగుతోంది. హిందూకుష్ హిమాలయాల్లో 2011–2020 దశాబ్దంలో హిమానీనదాలు అంతకు ముందు దశాబ్దం కంటే 65 శాతం వేగంగా కరిగాయని, ఉద్గారాలు ఇలాగే పెరిగితే ఈ శతాబ్దం చివరికి వాటి పరిమాణంలో 80 శాతం దాకా పోవచ్చని కాఠ్మాండు కేంద్రంగా పనిచేసే ఇసిమోడ్ సంస్థ 2023లో హెచ్చరించింది. కరుగుతున్నంత కాలం నదిలో నీరు పెరిగినట్టే కనిపిస్తుంది. ఆ నదుల్లో కరుగు నీటి ప్రవాహం ఈ శతాబ్దం మధ్యలో ఒక గరిష్ఠానికి చేరి, ఆ తర్వాత తగ్గుముఖం పడుతుందని అంచనా.

కృష్ణా, గోదావరి, పెన్నలకు ఆ వెసులుబాటు ఎప్పుడూ లేదు. అవి పూర్తిగా వానాధార నదులు. గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వర్‌లో, కృష్ణ మహాబలేశ్వరంలో పుడతాయి. రెండూ పశ్చిమ తీరానికి కూతవేటు దూరంలో పుట్టి, వెయ్యి కిలోమీటర్లకు పైగా తూర్పుకు నడిచి బంగాళాఖాతంలో కలుస్తాయి. ఏడాది వానలో సింహభాగం జూన్ నుంచి సెప్టెంబరు దాకా, నైరుతి రుతుపవనాల్లోనే పడుతుంది. మిగిలిన ఎనిమిది నెలలు నదిని నడిపించేది నేల కింద ఊరిన నీరు, మనుషులు కట్టిన జలాశయాలు. కాబట్టి ఈ నదుల భవిష్యత్తు రెండు ప్రశ్నల మీద ఆధారపడి ఉంటుంది. ఆ నాలుగు నెలల వాన ఏ తీరుగా పడుతుంది? పడిన నీటిని పట్టుకునే శక్తి ఎంత మిగిలింది?

వాన పడే తీరు

రుతుపవనాల వాన మొత్తం మీద తగ్గిందా పెరిగిందా అన్నదానికి ఒక్క ముక్కలో జవాబు లేదు. 1951 నుంచి 2015 మధ్య దేశంలో నైరుతి వర్షపాతం సుమారు 6 శాతం తగ్గిందని పైన చెప్పిన భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ నివేదిక అంటోంది. తగ్గుదల ప్రస్ఫుటంగా కనిపించిన ప్రాంతాల్లో గంగా మైదానంతో పాటు పశ్చిమ కనుమలు ఉండటం కృష్ణా రైతుకు మంచి కబురు కాదు. దీనికి గాలిలోని పొగ, ధూళి కణాలు కూడా కారణమని శాస్త్రవేత్తల అంచనా. అవి సూర్యరశ్మిని అడ్డుకుని భూమి వేడెక్కకుండా చేస్తాయి. భూమికీ సముద్రానికీ మధ్య వేడిలో తేడా తగ్గితే రుతుపవనాలు బలహీనపడతాయి. కాలుష్యం తగ్గి వేడి పెరిగేకొద్దీ ఈ శతాబ్దంలో రుతుపవనాల వాన పెరుగుతుందని, అయితే ఒక ఏటికీ మరో ఏటికీ మధ్య హెచ్చుతగ్గులూ పెరుగుతాయని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల బృందం ఐపీసీసీ చెబుతోంది. 'నదులు ఎండిపోతాయి' అనే సులువైన వాక్యం అందుకే ఇక్కడ సరిపోదు. సగటు పెరిగి కూడా నీటికి కటకటపడే పరిస్థితి రావచ్చు.

అసలు మార్పు వాన పడే పద్ధతిలో ఉంది. గాలి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే అది మోయగల తేమ సుమారు 7 శాతం పెరుగుతుంది. తేమను ఎక్కువగా పట్టుకోగల గాలి వానను ఆలస్యం చేస్తుంది, కురిసినప్పుడు ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. దీనికి తోడు హిందూ మహాసముద్రం ఉపరితలం 1951–2015 మధ్య దాదాపు ఒక డిగ్రీ వేడెక్కింది. అరేబియా సముద్రం నుంచి తేమ ఉధృతంగా దూసుకొచ్చే సందర్భాలు ఎక్కువయ్యాయి. మధ్య భారతంలో విస్తృత ప్రాంతాన్ని ముంచే అతి భారీ వర్షాల ఘటనలు 1950–2015 మధ్య దాదాపు మూడు రెట్లయ్యాయని పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్త రాక్సీ మాథ్యూ కోల్ బృందం 2017లో ప్రకటించింది. ఆ మధ్య భారతంలోనే గోదావరికి ప్రాణమైన ప్రాణహిత, ఇంద్రావతులు పుట్టి పారుతున్నాయి. మరోవైపు, వానాకాలం నడుమ వచ్చే పొడి విరామాలు 1981–2011 మధ్య అంతకు ముందు మూడు దశాబ్దాల కంటే 27 శాతం పెరిగాయి.

మొత్తం వాన అంతే ఉన్నా ఇలా పడటం వల్ల నీటి లెక్క మారిపోతుంది. ఆరుద్ర కార్తెలో రోజుకు ఒక సెంటీమీటరు చొప్పున పది రోజులు కురిసిన వానకూ, పది సెంటీమీటర్లు ఒక్క రాత్రిలో కురిసిన వానకూ నేల దృష్టిలో పోలికే లేదు. మొదటిదాన్ని నేల ఇంకించుకుంటుంది, బావులు ఊరతాయి, వాగు సంక్రాంతి దాకా సన్నగా పారుతుంది. రెండోసారి తెలంగాణ, రాయలసీమల ఎర్రనేలల్లో పైపొర చినుకుల దెబ్బకు గట్టిపడి నీటిని లోపలికి రానివ్వదు. నల్లరేగడి తడిసి ఉబ్బి పగుళ్లు మూసుకుంటుంది. నీరంతా పొలం గట్లు తెంపుకుని, మట్టిని కోసుకుని వాగులో పడుతుంది. తెల్లారేసరికి వాగు పొంగి దారులు మూస్తుంది. నెల తిరిగేసరికి అదే వాగులో చెలమ తవ్వుకోవాలి.

కరవు ఏడాదిలో వరద

ఈ విపరీతాన్ని తెలుగు నేల 2009లో చూసినంత స్పష్టంగా మరెప్పుడూ చూడలేదు. ఆ ఏడాది రుతుపవనాలు దేశమంతటా చెయ్యిచ్చాయి. వర్షపాతం సాధారణం కంటే 22 శాతం తక్కువ. 1972 తర్వాత అంతటి కరవు లేదు. సీజన్ ముగిసిందనుకుంటున్న సెప్టెంబరు చివరి రోజుల్లో బంగాళాఖాతంలో పుట్టిన అల్పపీడనం ఉత్తర కర్ణాటక, రాయలసీమ, మహబూబ్‌నగర్ ప్రాంతాల మీద రోజుల తరబడి కుండపోత కురిపించింది. కృష్ణా, తుంగభద్ర ఒకేసారి పొంగాయి. 19 లక్షల క్యూసెక్కుల వరదకు తట్టుకునేలా కట్టిన శ్రీశైలం జలాశయానికి సుమారు 25 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. 885 అడుగుల పూర్తి మట్టం దాటి నీరు 896 అడుగులకు ఎగబాకింది. ఆనకట్ట నిలిచింది. తుంగభద్ర, హంద్రీ కలిసే చోట ఉన్న కర్నూలు మాత్రం అక్టోబరు 2న నీట మునిగింది. వార్షిక గణాంకాల్లో 2009 కరవు సంవత్సరంగానే మిగిలింది. ఏడాది మొత్తాన్ని ఒకే అంకెగా చెప్పే పద్ధతి ఎంత తప్పుదారి పట్టిస్తుందో చెప్పడానికి ఈ ఒక్క ఏడాది చాలు.

2023, 2024 సంవత్సరాలు అదే కథను కొంచెం సాగదీసి చెప్పాయి. 2023లో ఎల్‌నినో ప్రభావం పడింది. దేశంలో 1901 నుంచి నమోదైన లెక్కల్లో అంత పొడి ఆగస్టు మరొకటి లేదు. కృష్ణా ఎగువ నుంచి దిగువకు నీరు రాక శ్రీశైలం నిండలేదు, నాగార్జునసాగర్ ఆయకట్టు రైతులు యాసంగి వరి ఆశ వదులుకున్నారు. మరుసటి ఏడు ఆగస్టు మొదటి వారానికే సాగర్ గేట్లు ఎత్తారు. సెప్టెంబరు 1, 2 తేదీల్లో వాయుగుండం వానలకు మున్నేరు ఖమ్మాన్ని ముంచింది. విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. 1957లో ఆ బ్యారేజీ వాడుకలోకి వచ్చాక అదే రికార్డు. ఆ వరదలో ఒక భాగం సాగర్‌కు దిగువన పడ్డ వాన నుంచి, మున్నేరు వంటి ఉపనదుల నుంచి వచ్చింది. మున్నేరు పులిచింతల జలాశయానికి కూడా దిగువనే కృష్ణలో కలుస్తుంది. పైనున్న పెద్ద ఆనకట్టలు ఎంత పెద్దవైనా ఆ నీటిని ఆపే వీలు లేదు. అదే సమయంలో విజయవాడ కాలనీలను ముంచిన బుడమేరు అసలు కృష్ణా నీరే కాదు. దాని గట్లకు పడ్డ గండ్లు, దాని దారిలో పెరిగిన కట్టడాలు వేరే కథ. వరదల్లో ప్రతి చుక్కనూ వాతావరణ మార్పు ఖాతాలో రాయడం సరికాదు. ఏ ఒక్క వరదనూ 'ఇది వాతావరణ మార్పు వల్లే' అని తేల్చి చెప్పలేం. అటువంటి వానలు పడే అవకాశం పెరుగుతోందని మాత్రం చెప్పగలం.

పట్టుకునే శక్తి

వరద నీరు ఎంత త్వరగా చేజారిపోతుందో చిన్న లెక్కతో తెలుస్తుంది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం ఒక రోజంతా అదే స్థాయిలో సాగితే దాదాపు 99 టీఎంసీలు దాటిపోతాయి. కృష్ణా జలాలను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రైబ్యునల్ కృష్ణా డెల్టాకు ఏడాది మొత్తానికి కేటాయించింది 181.2 టీఎంసీలు. అంటే రెండు రోజుల గరిష్ఠ వరద డెల్టా ఏడాది అవసరం కంటే ఎక్కువ. ప్రకాశం బ్యారేజీ తనలో పట్టుకోగలిగింది మూడు టీఎంసీల చిల్లర. దానికి ఎగువన 45 టీఎంసీల పైచిలుకు సామర్థ్యంతో కట్టిన పులిచింతల కూడా అంతటి వరద ముందు సగం రోజులో నిండిపోతుంది. కళ్లముందే సముద్రం పాలవుతున్న నీటిని చూసి 'వృథా' అనడం తేలిక. ఏడాదికి కొద్ది రోజులే వచ్చే ఆ నీటి కోసం ఎంత పెద్ద జలాశయం కట్టినా, అది మిగిలిన ఏళ్లలో ఖాళీగా ఉండే ప్రమాదాన్ని మాత్రం ఎవరూ ప్రస్తావించరు.

ఉన్న జలాశయాల పొట్ట కూడా చిన్నదవుతోంది. శ్రీశైలం కట్టినప్పుడు 308 టీఎంసీలు పట్టేది, తర్వాతి సర్వేల్లో 216 టీఎంసీలకు దిగింది. 408 టీఎంసీల నాగార్జునసాగర్ 312కు, 133 టీఎంసీల తుంగభద్ర 106 దరిదాపులకు వచ్చాయి. పోయిందంతా పూడికే. అడవులు కొట్టేయడం, వాలు భూములు దున్నడం, గనుల తవ్వకం దీనికి కారణాలు. వానలు కుంభవృష్టిగా మారేకొద్దీ కోత ఇంకా పెరుగుతుంది. మామూలు ఏళ్లలో కొట్టుకొచ్చే మట్టి కంటే ఒకటి రెండు పెద్ద వరదల్లో వచ్చే మట్టే ఎక్కువ. ఆవిరి సంగతి దీనికి అదనం. బచావత్ ట్రైబ్యునల్ నాడే శ్రీశైలంలో ఏటా 33 టీఎంసీలు, సాగర్‌లో 17 టీఎంసీలు ఆవిరవుతాయని లెక్క కట్టి, ఆ మేరకు కేటాయింపు చూపింది. ఎండలు పెరిగితే ఆ ఖాతా కూడా పెరుగుతుంది.

జలాశయాన్ని నడిపే ఇంజినీరుకు ఎప్పుడూ ఒక సందిగ్ధం ఉంటుంది. ముందుగా నింపితే వరద వచ్చినప్పుడు ఖాళీ ఉండదు. ఖాళీ ఉంచితే ఆ తర్వాత వాన రాకపోవచ్చు. ఏ తేదీకి ఎంత మట్టం ఉంచాలో చెప్పే నిర్వహణ పట్టిక ప్రతి ప్రాజెక్టుకూ ఉంటుంది. ఆ పట్టికలు గత అర్ధ శతాబ్దపు వానల మీద తయారైనవి. సెప్టెంబరు చివరికి వరద గండం గట్టెక్కినట్టేనని, జలాశయం నిండుగా ఉండాలని అవి భావిస్తాయి. 2009 అక్టోబరులో శ్రీశైలం దగ్గర బెడిసికొట్టింది సరిగ్గా ఆ భావనే. వారం రోజుల వాన అంచనా ఇప్పుడు అప్పటికంటే మెరుగ్గా దొరుకుతోంది. ఆ అంచనా ప్రకారం ముందే నీరు వదిలే అధికారం, వదిలాక వాన పడకపోతే నింద పడకుండా కాచే రక్షణ మాత్రం ఆ కుర్చీలో కూర్చున్నవారికి పెద్దగా లేవు.

గోదావరి మీద ఈ ఒత్తిడి మరో రూపంలో ఉంది. 2022 జులైలో గోదావరి ఉపనది మీదున్న కడెం ప్రాజెక్టుకు దాని గేట్లు వదలగలిగే మూడు లక్షల క్యూసెక్కులను మించి సుమారు ఐదు లక్షల క్యూసెక్కుల వరద వచ్చి, కట్ట మీదుగా నీరు పొర్లింది. ఆనకట్ట నిలవడం అదృష్టమే. ఆ వారమే భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టులో నమోదైన 75.6 అడుగుల తర్వాత అదే ఎక్కువ. 1986 వరద ఆగస్టు నడిమధ్యన వచ్చింది. 2022ది జులై మధ్యలోనే, నారుమళ్లు పోసుకునే రోజుల్లోనే వచ్చేసింది. పోలవరం స్పిల్‌వేను 50 లక్షల క్యూసెక్కులకు తట్టుకునేలా మలచడం ఇటువంటి భయాల వల్లే.

నేల కింది నిల్వ

పెద్ద జలాశయాలకు పట్టని నీటిని ఒకప్పుడు ఊరి చెరువు పట్టేది. కాకతీయుల కాలం నుంచి తెలంగాణలో గొలుసుకట్టు చెరువులు ఉన్నాయి. పైచెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండేది. పాకాల, రామప్ప, లక్నవరం నేటికీ సాగుకు నీరిస్తున్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన మిషన్ కాకతీయ కింద సుమారు 46 వేల చెరువుల పూడికతీత తలపెట్టింది. కుండపోత వానల కాలంలో చెరువులు రెండిందాలా పనికొస్తాయి. వరద వేగాన్ని తగ్గిస్తాయి, నీటిని నేలలోకి దింపుతాయి. చిక్కల్లా మత్తళ్ల దగ్గర ఉంది. పాత వానలకు సరిపోయేలా కట్టిన అలుగు ఒక్క రాత్రి 30 సెంటీమీటర్ల వానను మోయలేదు. పైచెరువు తెగితే ఆ నీటి దెబ్బకు కింది చెరువులూ వరసగా తెగుతాయి. 2024 సెప్టెంబరులో మహబూబాబాద్, ఖమ్మం జిల్లాల్లో ఎన్నో కట్టలకు గండ్లు పడ్డాయి. పూడిక తీయడంతో పాటు మత్తడి వెడల్పు చేయకపోతే చెరువు బాగుచేత సగం పనే.

దక్కను గట్టి రాతి నేల. కోస్తా ఒండ్రు నేలల్లో మాదిరి ఇక్కడ లోతైన నీటి పొరలు ఉండవు. రాతి పగుళ్లలో నిలిచేది తక్కువ. అది మంచి వానాకాలంలో త్వరగా నిండుతుంది, బోర్లు వేస్తే అంతే త్వరగా ఖాళీ అవుతుంది. వరుసగా రెండేళ్లు వాన తప్పితే ఆదుకునేందుకు మిగిలేది ఉండదు. భూగర్భ జలం పడిపోయినప్పుడు వాగు నుంచి నేలలోకి నీరు దిగుతుంది తప్ప నేల నుంచి వాగులోకి రాదు. దక్కనులో ఒకప్పుడు శివరాత్రి దాకా పారిన వాగులు దసరా దాటగానే ఆగిపోవడంలో వాన మార్పు కంటే బోర్ల వాటాయే ఎక్కువ. వాతావరణ మార్పు అప్పటికే బలహీనపడ్డ వ్యవస్థ మీద వచ్చి పడుతోంది.

మంజీరా నది ఇందుకు కళ్లెదుటి సాక్ష్యం. మహారాష్ట్రలో పుట్టి, కర్ణాటక మీదుగా తెలంగాణకు వచ్చి గోదావరిలో కలిసే ఈ నది మీద లాతూరు పట్టణం, హైదరాబాద్ నగరం రెండూ ఆధారపడ్డాయి. 2014, 2015 వరుస కరవులకు ఎగువన ఆనకట్టలు ఎండిపోయి, 2016 ఏప్రిల్‌లో లాతూరుకు మిరజ్ నుంచి రైలు వ్యాగన్లలో తాగునీరు పంపారు. మిరజ్ కృష్ణా పరీవాహకంలోది. ఒక నదీ లోయ నీరు పట్టాల మీద మరో నదీ లోయకు చేరింది. హైదరాబాద్‌కు దశాబ్దాల పాటు నీరిచ్చిన, మంజీరా మీది సింగూరు జలాశయం అడుగంటింది. నగరం నాగార్జునసాగర్ నుంచి వచ్చే కృష్ణా నీటితో, ఎల్లంపల్లి నుంచి వచ్చే గోదావరి నీటితో గట్టెక్కింది. అదే ఏడాది సెప్టెంబరు వానలకు సింగూరు నిండి గేట్లు ఎత్తారు. నగరాలు దూరపు నదుల నుంచి నీరు తెచ్చుకోవడం ఒక రకం బీమా అనుకోవచ్చు. రెండు నదులకూ ఒకే ఏడాది కరవు వస్తే ఆ బీమా పనిచేయదు.

పంపకాల లెక్కలు

తెలుగు రాష్ట్రాల నీటి వివాదాలన్నిటికీ మూలంలో ఒక గణాంక భావన ఉంది. దాన్ని నమ్మదగిన దిగుబడి అంటారు. 75 శాతం నమ్మదగిన నీరు అంటే నాలుగేళ్లలో మూడేళ్లు తప్పక దొరికే పరిమాణం. బచావత్ ట్రైబ్యునల్ 1894–95 నుంచి 1971–72 దాకా 78 ఏళ్ల ప్రవాహాలను చూసి, కృష్ణలో అలా దొరికేది 2,060 టీఎంసీలని తేల్చి, మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, అప్పటి ఆంధ్రప్రదేశ్‌కు 800 టీఎంసీలు కేటాయించింది. తర్వాత వచ్చిన బ్రిజేశ్ కుమార్ ట్రైబ్యునల్ 1961–62 నుంచి 47 ఏళ్ల లెక్క తీసుకుంది. 65 శాతం నమ్మకంతో 2,293 టీఎంసీలు, సగటున 2,578 టీఎంసీలు ఉన్నాయంది. రెండు లెక్కల్లోనూ గణితం తప్పేమీ లేదు. ఏ ఏళ్లను లెక్కలోకి తీసుకుంటే ఆ నది కనిపిస్తుంది. రెండిటి కిందా ఉన్న ఊహ ఒక్కటే: గడిచిన కాలంలో ఎన్నిసార్లు ఎంత నీరు వచ్చిందో రాబోయే కాలంలోనూ అంతే వస్తుందని. హెచ్చుతగ్గులు పెరుగుతున్న నదికి ఆ ఊహ సరిపోదు. సగటు పెరిగి, నాలుగేళ్లలో మూడేళ్లు దొరికే నీరు తగ్గిపోయే అవకాశం ఉంది. అప్పుడు కాగితం మీద మిగులు, కాలువలో కొరత.

తరుగు అందరి మీదా సమానంగా పడదు కూడా. వరద ముందు ఎగువన కర్ణాటకలోని ఆలమట్టి, నారాయణపూర్ జలాశయాలను నింపుతుంది. తర్వాత జూరాల, శ్రీశైలం, సాగర్. వాన బాగున్న ఏడాది ఈ వరస ఎవరికీ పట్టదు. వాన తగ్గిన ఏడాది పైవాళ్ల కాలువలు దాదాపు మామూలుగానే పారతాయి, కిందివాళ్ల జలాశయం కాలువకు అందని డెడ్ స్టోరేజీకి చేరుతుంది. కృష్ణా బేసిన్‌లో వాన కొద్దిగా తప్పినా సాగర్ ఎడమ కాలువ చివరి భూములకు పూర్తి కరవుగా మారడం ఇందువల్లే. కృష్ణ సముద్రానికి చేర్చే నీరు గత అరవై ఏళ్లలో పడిపోవడానికి మొదటి కారణం వాతావరణం కాదు, ఎగువా దిగువా పెరిగిన వాడకం. 2002 నుంచి 2004 దాకా ప్రకాశం బ్యారేజీ దాటి సముద్రంలో కలిసింది నామమాత్రం. 2019 నుంచి 2022 దాకా ఏటా వందల టీఎంసీలు కలిశాయి. కరవు ఏడాదిలో ఎవరెంత తగ్గించుకోవాలో ముందుగా రాసుకున్న ఒప్పందం లేకపోతే ఈ ఊగిసలాట ప్రతిసారీ పోలీసు బందోబస్తు మధ్య గేట్ల దగ్గర తగాదాగా తేలుతుంది. 2023 అక్టోబరులో కేంద్రం బ్రిజేశ్ కుమార్ ట్రైబ్యునల్‌కు రెండు తెలుగు రాష్ట్రాల మధ్య పంపిణీపై కొత్త విధివిధానాలు ఇచ్చింది.

నీరున్న నది నుంచి లేని నదికి మళ్లించడం ప్రభుత్వాలకు నచ్చిన పరిష్కారం. 2015లో మొదలైన పట్టిసీమ ఎత్తిపోతల దీనికి నమూనా. గోదావరి జులైలోనే పొంగుతుంది. కృష్ణా వరద పై జలాశయాలన్నీ నింపుకుని విజయవాడ చేరేసరికి ఆగస్టు, ఒక్కోసారి సెప్టెంబరు దాటుతుంది. ఆ మధ్య వ్యవధిలో గోదావరి నీటితో కృష్ణా డెల్టాకు నాట్లు పడతాయి. సమయం సర్దుబాటుగా ఇది పనిచేసింది. దేశవ్యాప్త నదుల అనుసంధానానికి ఇదే తర్కాన్ని పొడిగించడం మాత్రం అంత తేలిక కాదు. కొత్తగా తడిసే భూముల నుంచి ఎగిరే తేమ రుతుపవనాల మీదే ప్రభావం చూపి, ఇప్పటికే నీటి ఎద్దడి ఉన్న కొన్ని ప్రాంతాల్లో సెప్టెంబరు వానను 12 శాతం దాకా తగ్గించవచ్చని 2023లో భారతీయ శాస్త్రవేత్తల అధ్యయనం ఒకటి లెక్కగట్టింది.

వాడకం వైపు చేయగలిగింది తక్కువేమీ కాదు. వరి నారు పోసి నాటే బదులు నేరుగా విత్తనం వెదజల్లితే దమ్ము నీరు, నారుమడి నీరు మిగులుతాయి, కాలువ నీరు ఆలస్యమైనా సాగు ఆగదు. మడిలో ఎప్పుడూ నీరు నిలపకుండా ఆరుతడి ఇచ్చే పద్ధతిలో దిగుబడి పెద్దగా తగ్గకుండానే నీరు ఆదా అవుతుందని పరిశోధన క్షేత్రాల్లో తేలింది. ఈ పద్ధతులు పాకకపోవడానికి రైతు అజ్ఞానం కారణం కాదు. కాలువ నీరు ఎప్పుడొస్తుందో, మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు వచ్చిన నీటిని మడి నిండా పట్టి ఉంచుకోవడమే రైతుకు తెలివైన పని. నీటి విడుదల తేదీలను ముందుగా చెప్పి, చెప్పినట్టు వదలగలిగినచోటే ఆరుతడి నిలబడుతుంది.

డెల్టా చివర

నది చివరికొచ్చేసరికి పై మార్పులన్నీ ఒకచోట కలుస్తాయి. డెల్టాలో మంచినీరు, ఉప్పునీరు నేల కింద ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఉంటాయి. నదిలో నీరు తగ్గిన నెలల్లో సముద్రం పోటుతో పాటు పాయల్లోకి ఎగదన్నుతుంది. సముద్ర మట్టం పెరగడం, పైనున్న ఆనకట్టలు ఒండ్రును పట్టేసుకోవడంతో డెల్టా నేలకు కొత్త మట్టి చేరకపోవడం, ఆక్వా చెరువుల కోసం ఉప్పునీరు తోడటం ఆ పోరులో సముద్రం పక్షాన నిలిచాయి. కృష్ణా జిల్లా దివిసీమలో, కోనసీమ తీర మండలాల్లో బోరు నీరు ఉప్పగా మారడానికి వీటిలో ఏది ఎంత కారణమో ఊరూరికీ మారుతుంది. వేసవిలో నదీ ప్రవాహం తగ్గడం అన్నిచోట్లా ఉన్న కారణం.

గోదావరి డెల్టాలో రబీ వరి ఆ ప్రవాహం మీదే ఆధారపడింది. డిసెంబరు దాటాక ధవళేశ్వరం బ్యారేజీకి సహజంగా వచ్చే నీరు పడిపోతుంది. సీలేరు జలవిద్యుత్ కేంద్రాల్లో కరెంటు ఉత్పత్తి చేసి వదిలే నీరు ఆ లోటును పూడుస్తుంది. వాన బాగున్న ఏడాది మొత్తం ఆయకట్టుకు రబీ నీరిస్తారు. లేని ఏడాది వంతులవారీ విధానం పెట్టడమో, కొన్ని మండలాలకు వరి బదులు మినుము, పెసర సూచించడమో జరుగుతుంది. సీలేరులో నీరు నిలవాలంటే తూర్పు కనుమల్లో మాచ్‌ఖండ్, బలిమెల పరీవాహకాల్లో వాన పడాలి. అక్కడా అడవి పలచబడి, వాన కుమ్మరింపుగా మారితే, రబీకి ముందు నిల్వ ఎంతుందో తేల్చుకుని సాగు విస్తీర్ణం నిర్ణయించే పద్ధతి అరుదుగా తీసుకునే జాగ్రత్తగా కాక, ప్రతి ఏటి నియమంగా మారక తప్పదు.